సదుద్దేశము ప్రాయశ్చిత్తమగునా?

ఒకరికి మేలు చేయబోయి కీడు చేసినవానిని లోకము సాధారణముగా క్షమించును. పొరుగింటి పిల్లవానికి జ్వరము తగిలినదని విని, తనకు తెలిసిన కషాయమును కాచి తెచ్చిన ముసలమ్మను, ఆ కషాయము వికటించినను, ఎవ్వరును దోషిగా నెంచరు. "పాపము, మంచికే చేసినది" యని సరిపెట్టుకొందురు. ఈ క్షమ గృహధర్మమునకు భూషణమే. కాని యదే కషాయమును శాసనముచే లక్షలకొలది యిండ్లకు పంచి, వలదన్నవారిచేత గూడ త్రాగించి, అది వికటించిన పిమ్మట "మా యుద్దేశము మంచిదే" యని చెప్పుకొను ప్రభుత్వమునకు గూడ ఈ క్షమ చెల్లునా? పాలకుని విషయమున సదుద్దేశము ప్రాయశ్చిత్తమగునా? మేమీ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న యిదియే.

ఈ ప్రశ్నను మిక్కిలి పదునుగా నడిగినవారు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని సంప్రదాయపక్షమువారు. ఆ పేరు వినగానే సంస్కారప్రియులైన మా చదువరులకు, వితంతువివాహములకు అడ్డు నిలిచిన మన పూర్వపు పెద్దలు జ్ఞప్తికి వత్తురు కాబోలు. ఈ పోలిక పూర్తిగా సరిపడదు. అమెరికా దేశము విప్లవమున బుట్టినది. అచ్చటి సంప్రదాయపక్షమువారు కాపాడవలెనని చెప్పునది 1787లో వ్రాయబడిన రాజ్యాంగమును, దానియందు ప్రభుత్వాధికారమునకు గీయబడిన యెల్లలను, ఊరు, కుటుంబము, దేవాలయము, స్వచ్ఛందసంఘము మున్నగు చిన్న కూటముల స్వాతంత్ర్యమును. వీరి వాదమునకు మూలపురుషుడుగా నెంచబడు ఎడ్మండు బర్కు ఐర్లండున బుట్టినవాడు. ఫ్రాన్సు విప్లవమును విమర్శించుచు 1790లో నతడు ప్రకటించిన గ్రంథము నేటికిని వీరికి ప్రమాణము. 1965లో ఇర్వింగు క్రిస్టలు, డేనియలు బెల్లు అనువారు "ది పబ్లిక్ ఇంటరెస్ట్" అను త్రైమాసపత్రికను స్థాపించి, ప్రభుత్వపథకముల ఫలితములను లెక్కలతో శోధించు పద్ధతిని ప్రబలముగా నడపిరి. క్రిస్టలు యౌవనమున వామపక్షమువాడు. కావున నతడు సంస్కారమనిన నేమో యెఱుగక పలికినవాడు కాడు.

వీరి వాదమును మేము మూడు మాటలలో సంగ్రహింతుము. మొదటిది: రాజధానిలో గూర్చున్న యధికారికి వేయి మైళ్ల యావలనున్న గృహస్థుని యక్కఱలు తెలియవు, తెలిసినట్లు తలచుటయే మొదటి ప్రమాదము. ఆర్థికశాస్త్రజ్ఞుడగు హయెకు 1945లో వ్రాసిన యొక ప్రసిద్ధవ్యాసమున, జ్ఞానము సంఘమునం దంతటను చెల్లాచెదురుగా నుండునే కాని యొక్కచో రాశిగా దొరకదని నిరూపించెను. రెండవది: మనుష్యులు చదరంగపు పావులు కారు, శాసనము వచ్చిన మఱునాడే వారు దానికి తగినట్లు తమ నడవడిని మార్చుకొందురు, శాసనకర్త యెంచిన లెక్క అంతటితో తప్పిపోవును. మూడవది: తప్పుడు సరకమ్మిన దుకాణము మూతపడును, తప్పుడు పథకమును నడపిన కార్యాలయమో, "ధనము చాలలే"దని మఱికొంత ధనము కోరును.

ఈ వాదము విన సొంపుగానే యున్నది. కాని వాదములను వాదములతో గాక వృత్తాంతములతో తూచుట మేలు. కావున అమెరికా చరిత్రమునుండి కొన్ని యుదాహరణములను గైకొందము.

మొదటిది మద్యనిషేధము. దీనికి పాటుపడినవారు సామాన్యులు కారు. 1874లో స్థాపింపబడిన క్రైస్తవస్త్రీల మద్యపాననివారణసంఘము మొదలుకొని, చర్చిలు, సంఘసంస్కర్తలు, వైద్యులు దాదాపు అర్ధశతాబ్ది కాలము దీనికై శ్రమించిరి. భర్తల త్రాగుడుచే కూలిన సంసారములను కన్నులార గాంచిన స్త్రీల గోడు దానికి మూలము. కాంగ్రెసులోని యుభయసభలు 1917 డిసెంబరులో సవరణమును ప్రతిపాదించెను. 1919 జనవరిలో రాష్ట్రములు దానిని ధ్రువపఱచెను. అప్పటి 48 రాష్ట్రములలో రెండు తక్క తక్కినవన్నియు తుదకు సమ్మతించినవి. ఇంతటి యేకీభావముతో వచ్చిన సంస్కారము ప్రజాప్రభుత్వముల చరిత్రమున మిక్కిలి యరుదు. 1920 జనవరి 17వ తేదినుండి అది యమలులోనికి వచ్చెను.

ఫలమేమి? న్యాయము చెప్పవలెనన్న, తొలి సంవత్సరములలో త్రాగుడు తగ్గినమాట నిజము. కాలేయవ్యాధి మరణములు గూడ తగ్గినవి. ఆ కాలమున తాగుబోతుల యిండ్లలో కొంతవఱకైన శాంతి నెలకొనియుండును. కాని శాసనము చేయుటను, అమ్ముటను, తరలించుటను నిషేధించినదే కాని త్రాగుటను నిషేధింపలేదు. కోరిక నిలిచియుండగా అంగడి మూతపడెను. అంతట ఆ వ్యాపారము చీకటికి మరలెను. చికాగోనగరమున అలు కపోను వంటివారు చీకటివ్యాపారమున కోటీశ్వరులై, పోలీసులను, న్యాయాధిపతులను గొనగలిగిరి. అతనిని తుదకు 1931లో శిక్షించినది మద్యశాసనము గాదు, ఆదాయపుపన్ను శాసనము! పరిశ్రమల కుపయోగించు సారాయమును త్రాగ వీలులేకుండ జేయుటకై ప్రభుత్వనిబంధనల ననుసరించి దానియందు విషము గలుపుచుండిరి. దానినే దొంగలు శుద్ధిచేసితిమని యమ్మగా త్రాగి పెక్కుమంది కనులు గోల్పోయిరి, ప్రాణములు గోల్పోయిరి. 1933 డిసెంబరు 5వ తేదిని ఆ సవరణము మఱియొక సవరణముచే రద్దయ్యెను. ఆ దేశపు రాజ్యాంగచరిత్రమున అట్లు పూర్తిగా రద్దుచేయబడిన సవరణము ఇది యొక్కటియే.

ఈ వృత్తాంతము తెలుగువారికి పరాయిది కాదు. 1992లో నెల్లూరు మండలములోని దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చుకొన్న స్త్రీలు సారాయిదుకాణములను మూయించిరి. ఆ జ్వాల ఆంధ్రదేశమంతట వ్యాపించెను. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. దొంగసారాయియు, పొరుగు రాష్ట్రములనుండి తరలివచ్చు సీసాలును, బొక్కసమునకు గలిగిన లోటును దానికి కారణములుగా జెప్పబడినవి. అచ్చటను ఇచ్చటను ఉద్యమము నడపినవారు తల్లులు. అచ్చటను ఇచ్చటను శాసనము వారి యాశ నందుకొనలేక వెనుకకు మరలినది. దీనినిబట్టి ఆ తల్లుల గోడు అసత్యమని చెప్పువాడు మూఢుడు. వారి గోడు సత్యమే. ఔషధము మాత్రము రోగమునకు తగినది కాకపోయెను. గోడు సత్యమైనంతమాత్రమున మందు సరియైనదని తలచుటయే మేము చూపదలచిన ప్రమాదము.

రెండవ యుదాహరణము పేదల యిండ్లకు సంబంధించినది. 1949లో అమెరికా కాంగ్రెసు గృహనిర్మాణ శాసనమొకటి చేసి, ప్రతి కుటుంబమునకును యోగ్యమైన యిల్లుండవలెనను నాశయమును ప్రకటించెను. ఇంతకంటె నుదారమైన యాశయ మేమి కలదు? ఆ శాసనపు ధనముతో మిస్సౌరీ రాష్ట్రములోని సెయింట్ లూయిస్ నగరమున, మురికివాడలను పడగొట్టి, ప్రూయిట్-ఐగో యను నివాససముదాయమును గట్టిరి. పదునొకండేసి యంతస్తుల మేడలు 33. వానియందు నివాసములు 2,870. దానిని రూపొందించిన శిల్పి మినోరు యమసాకి. పిమ్మట న్యూయార్కులో ప్రపంచవాణిజ్యకేంద్రపు జంటమేడలను రూపొందించినవాడు నతడే. 1954లో మొదటి కుటుంబములు వచ్చి చేరినవి. మురికివాడలలో నీటికొళాయి యైన లేక యల్లాడినవారికి ఆ క్రొత్త యిండ్లు స్వర్గమువలె దోచెను.

పదునెనిమిదేండ్లు తిరుగకమునుపే, 1972లో, ప్రభుత్వమే మందుగుండు పెట్టి ఆ మేడలను కూల్చుటకు మొదలిడెను. 1976 నాటికి ఒక్కటియు మిగులలేదు. ఏమి జరిగినది? కట్టుటకు ధనము కేంద్రప్రభుత్వ మిచ్చినది. మరమ్మతులకు మాత్రము కాపురమున్న పేదల యద్దెలే యాధారమని నిర్ణయించినది. నగరపు జనులు, ఉద్యోగములు శివారులకు దరలిపోగా అద్దెలు తగ్గెను. అద్దెలు తగ్గగా మరమ్మతులు తగ్గెను. మరమ్మతులు తగ్గగా ఉండగలవారు లేచిపోయిరి. ఖర్చు తగ్గింపగోరి లిఫ్టులను ప్రతి యంతస్తునను ఆపక, మూడంతస్తుల కొకచో మాత్రమే యాపిరి. తక్కినవారు ఎక్కి దిగవలసిన మెట్లదారులు దొంగలకు దావలమయ్యెను. వీనియన్నిటికంటె క్రూరమైనది మఱియొకటి. పిల్లలు గల పేదకుటుంబములకు ప్రభుత్వమిచ్చు సహాయపు నిబంధనలు, పెక్కు రాష్ట్రములలో, ఇంట పనిచేయగల పురుషుడున్నచో ఆ సహాయమును నిరాకరించెడివి. పనిలేని తండ్రి యింట నున్నచో పిల్లలకు కూడులేదు. తండ్రి యిల్లు విడిచినచో కూడు గలదు! అలబామా రాష్ట్రములోని యట్టి నిబంధనమొకదానిని 1968లో సుప్రీముకోర్టు కొట్టివైచినది. దానిని వ్రాసినవారు కుటుంబములను విడదీయగోరిరని చెప్పలేము. ప్రజాధనము దుర్వ్యయము గారాదనియే వారు కోరియుందురు. ఐనను తండ్రిని గడపదాటించినది వారి కలమే.

ఇచ్చట నొక సంగతి గమనింపవలెను. సంప్రదాయపక్షమువారు ఈ కథను ప్రభుత్వగృహములకు విరుద్ధముగా మాటిమాటికి నుదాహరింతురు. కాని శివారులకు జనులు తరలిపోవుటకు తోడ్పడిన గృహఋణముల పూచీయు, రాజపథములును ప్రభుత్వముచే గల్పింపబడినవే. ఆ ఋణములు చిరకాలము నల్లజాతివారికి దాదాపు నిషిద్ధములు. కావున ప్రూయిట్-ఐగో కూలుటకు ఒక పథకము గాదు, పరస్పరవిరుద్ధములగు రెండు పథకములు కారణము. ఒక చేయి పేదలను నగరమధ్యమున మేడలలో నిలిపెను. రెండవచేయి ఆ నగరమునుండి జీవనాధారమును లాగివైచెను. ఆ రెండు చేతులను నడపినది యొకే తల కావలసినది. కాని తల యెచ్చట నున్నదో యెవ్వరును వెదకలేదు.

పథకములు చావవను వాదమునకు చిన్నదైనను చక్కని నిదర్శన మొకటి కలదు. సైనికుల దుస్తులకు ఉన్ని కొఱవడునేమోయను భయముతో 1954లో కాంగ్రెసు గొఱ్ఱెల యున్నికిని, అంగోరా మేకల రోమమునకును సహాయధనము నేర్పఱచెను. కొలది సంవత్సరములకే కృత్రిమపు దారములు వచ్చి, యుద్ధావసరవస్తువుల పట్టికనుండి ఉన్ని తొలగింపబడెను. కారణము పోయినది, కార్యము మాత్రము నిలిచినది. 1993లో కాంగ్రెసు దానిని రద్దుచేయ నిశ్చయించువఱకును మేకల యజమానులకు ధనము ముట్టుచునే యుండెను. అంతటితోనైన ముగియక 2002 నాటి వ్యవసాయశాసనమున ఋణసహాయరూపమున మరల తల యెత్తినది. దీనియందు ద్రోహియనదగినవా డెవ్వడును లేడు. లాభము కొలదిమందికి పెద్దది, నష్టము కోట్లమందికి చిన్నది. కావున అడుగువారు గట్టిగా నడిగిరి, ఇచ్చువారు గమనింపకయే యిచ్చిరి.

ఇక నన్నిటికంటె పెద్ద వివాదము దారిద్ర్యమును గూర్చినది. 1964 జనవరిలో ప్రెసిడెంటు జాన్సను దారిద్ర్యముపై యుద్ధము ప్రకటించెను. అప్పుడు ప్రభుత్వపు లెక్క ప్రకారము నూటికి 19 మంది పేదలు. 1973 నాటికి సుమారు 11 మంది. ఆ పిమ్మట నలువది యేండ్లు ఆ సంఖ్య సుమారు 11కును 15కును నడుమ నూగులాడుచుండెను. యుద్ధమున గెలిచినది దారిద్ర్యమేయని 1988లో ప్రెసిడెంటు రీగను పరిహసించెను. చార్లెసు మరీ యను పండితుడు 1984లో నొక గ్రంథము వ్రాసి, సహాయమే పేదలను పనికిని వివాహమునకును దూరముచేసినదని వాదించెను. ఎదిరిపక్షమువారు చెప్పినదియు త్రోసివేయరానిది. 1959లో వృద్ధులలో నూటికి 35 మంది పేదలు. వృద్ధాప్యపు పింఛను పెరిగినకొలది ఆ సంఖ్య తగ్గి, ఆ శతాబ్దము ముగియునప్పటికి పదింటికి చేరెను. మఱియు ప్రభుత్వపు కొలబద్ద నగదు నాదాయమును మాత్రమే లెక్కించును. ఆహారపు చీటులను, పేద కార్మికులకు తిరిగి యిచ్చు పన్నును లెక్కింపదు. మందు పనిచేయలేదని వాదించువారు, మందు తీసికొనినవారిని లెక్కలోనికి రానీయని తక్కెడతో తూచుచున్నారన్నమాట.

1996లో ప్రెసిడెంటు క్లింటను సంతకముతో వచ్చిన శాసనము, సంప్రదాయపక్షపు వాదమును చాలవఱకు శిరసావహించినది. పని చేయవలెనను నియమమును, కేంద్రధనమునకు ఐదేండ్ల గడువును విధించినది. ఐదారేండ్లలో సహాయము పొందువారి సంఖ్య సగమునకు పైగా తగ్గెను; ఒంటరితల్లులు పెక్కుమంది పనులలో జేరిరి. దానిని వారు విజయమనిరి, కొంతవఱకు విజయమే. కాని రాష్ట్రముల కీయవలసినదిగా అప్పుడు నిర్ణయించిన మొత్తము ధరలతోపాటు పెరుగలేదు. 2008 నాటి యార్థికసంక్షోభమున పనులు పోయినప్పుడు, ఆ సహాయము అక్కఱకు దగినంతగా వ్యాపింపలేదు. పట్టికలో పేర్లు తగ్గుట వేఱు, పేదఱికము తగ్గుట వేఱు. మొదటిదానిని జూచి రెండవది జరిగినదని సంతసించినవారు, తాము నిందించిన దోషమునే తాము చేసినవారైరి.

ఈ మాట మమ్ము వాదపు రెండవ ముఖమునకు గొనిపోవుచున్నది. ఫలమును జూచి పాలకుని తూచవలెనను కొలబద్ద సరియైనదే. కాని కొలబద్ద చేత బట్టినవాడు మొదట తన్ను తాను కొలుచుకొనవలెను. 1971 ఆగస్టులో ధరలను, జీతములను శాసనముచే స్తంభింపజేసినది రిపబ్లికను ప్రెసిడెంటగు నిక్సనే. మాదకద్రవ్యములను గూర్చి 1986లో రీగను సంతకముతో వచ్చిన శాసనము, కొకెయిను పొడి 500 గ్రాములకు విధించు కనీసపు శిక్షనే, అదే ద్రవ్యపు మఱియొక రూపమైన క్రాకునకు 5 గ్రాములకే విధించెను. ఈ రెండవ రూపమును వాడుకొన్నందుకు చెఱసాలల పాలైనవారిలో నల్లజాతివారే హెచ్చు. ఆ నిష్పత్తిని 2010లో తగ్గించువఱకు ఇరువదినాలుగేండ్లు పట్టెను. అప్పుడైనను సమానము చేయలేదు. ఆ 1986 నాటి శాసనమునకు ఉభయపక్షములవారును వోటు వేసిరి. దాని యుద్దేశము వాడలను రక్షించుటయే. ఫలము మాత్రము వాడల తండ్రులను మరల గడప దాటించుట. 2003లో ఇరాకు యుద్ధము. అచ్చట నున్నవని చెప్పిన ఘోరాయుధములు దొరకలేదు. సెయింట్ లూయిస్‌లో మేడలను నిలుపుకొనలేని ప్రభుత్వము, బాగ్దాదులో రాజ్యమును నిలుపగలదని నమ్మినవారిలో సంప్రదాయపక్షమువారే యనేకులుండిరి. ఆ పక్షమున కొందఱు తమ సిద్ధాంతమును మఱువక దాని నాక్షేపించిరి. వారిని మేము గౌరవింతుము. కాని వారి మాట నాడు వినబడలేదు.

ఇంతకంటె సూక్ష్మమైనది, చేయకుండుటవలని ఫలము. దక్షిణరాష్ట్రములలో నల్లజాతివారికి వోటులేదు, సమానమైన పాఠశాల లేదు, తెల్లవారి సరసన గూర్చుండి భుజించు హక్కు లేదు. కాలక్రమమున నన్నియు సర్దుకొనును, కేంద్రప్రభుత్వము చేయి పెట్టరాదని సంప్రదాయపక్షపు పెద్దలు వాదించిరి. సెనేటరు గోల్డువాటరు 1964 నాటి పౌరహక్కుల శాసనమునకు ప్రతికూలముగా వోటు వేసెను. ఆ పక్షమునకు గొంతుకయైన విలియము బక్లీ 1950లలో దక్షిణపు తెల్లవారిని సమర్థించెను. వృద్ధాప్యమున, 2004లో, తన యభిప్రాయము పొరపాటని, కేంద్రప్రభుత్వము చేయి పెట్టుట యవసరమేయని యొప్పుకొనెను. మనుష్యునకు ఇది గౌరవము తెచ్చు మాటయే. కాని కాలము సర్దునని చెప్పిన నాటికిని, పొరపాటని యొప్పుకొన్న నాటికిని నడుమ నెందఱి జీవితములు గడచిపోయినవి! చేసిన పనికి ఫలమున్నట్లే చేయని పనికిని ఫలము కలదు. నిదానించువాడు ఆ ఫలమునుండి తప్పించుకొనలేడు. ఆ నిదానము యొక్క వెల యెప్పుడును నిదానింపుమని చెప్పినవానికి గాక, నిరీక్షించువానికే పడును.

మన సంస్కారచరిత్రము ఈ విషయమున నొక చక్కని మధ్యమార్గమును జూపుచున్నది. హిందూవితంతు పునర్వివాహ శాసనము 1856లో వచ్చెను. అది యెవ్వరిని బలవంతపఱచలేదు. అడ్డుగానున్న గోడను మాత్రము తొలగించెను. గోడ తొలగినను తెలుగుదేశమున ఇరువదియైదేండ్లు ఆ త్రోవను నడచినవారు లేరనియే చెప్పవచ్చును. 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన తరువాతనే ఆ యక్షరములకు ప్రాణము వచ్చెను. శాసనము లేనిచో పంతులుగారి ధైర్యమునకు చట్టపు అండ లేకపోయెడిది. పంతులుగారు లేనిచో శాసనము తాటాకుల నడుమ చెదలు పట్టియుండెడిది. అమెరికా సంప్రదాయపక్షమువారు సంఘము చేయవలసినది శాసనము చేయజాలదందురు, నిజము. కాని సంఘము చేయనీయని గోడను శాసనమే పడగొట్టవలసియుండును, అదియు నిజము. బానిసత్వపు శేషములను పడగొట్టిన 1964 నాటి శాసనము గోడను తొలగించిన జాతిలోనిది. 1920 నాటి మద్యనిషేధము నడకను నిర్బంధించిన జాతిలోనిది. ఈ భేదము నెఱుగనివాడు, మొదటిదాని విజయమును జూచి రెండవదానిని సమర్థించును, లేదా రెండవదాని వైఫల్యమును జూచి మొదటిదానిని నిందించును.

ఇక మొదటి ప్రశ్నకు మరలుదము. ఫలాపేక్ష లేక కర్మ చేయుమని గీత బోధించుచున్నది గదా, ఫలమునుబట్టి పాలకుని తూచుట తగునా యని కొందఱడుగవచ్చును. ఫలాపేక్ష విడుచుట వేఱు, ఫలవిచారము విడుచుట వేఱు. తనకు రాబోవు కీర్తిని, లాభమును గోరకుండుట నిష్కామకర్మము. ఎదిరివానికి గలుగు కష్టమును జూడకుండుట కన్నుమూసికొనుట. వైద్యుడు బహుమానము నాశింపకుండవచ్చును. నాడి చూడకుండ మందీయరాదు. పైగా మన ధర్మశాస్త్రములు సామాన్యునకు రాజునకు నొక భేదమును గల్పించినవి. ప్రజలను రక్షించు రాజునకు వారి పుణ్యమున నాఱవపాలు; రక్షింపనివానికి వారి పాపమున నాఱవపాలు. అతడు ఏమి తలచెనని శాస్త్ర మడుగలేదు. ప్రజ లెట్లున్నారని యడిగెను.

ఎందుచేత? కషాయము తెచ్చిన ముసలమ్మ ఆ పిల్లవాని మంచముకడనే కూర్చుండును; వికటించినచో ఆమె గుండెయే మొదట కొట్టుకొనును. శాసనము చేసినవాడో, తాను గట్టించిన మేడ పదవయంతస్తున గాపుర ముండడు. ప్రూయిట్-ఐగోలోని విఱిగిన లిఫ్టు వాషింగ్టనులోని సభ్యుని నడిపింపలేదు. విషము గలిసిన సారాయము వోటు వేసినవాని కన్నులను దీయలేదు. 1986 నాటి శాసనము దానిని వ్రాసినవారి కుమారులను చెఱసాలకు బంపలేదు. తప్పు చేయువాడొకడు, దాని యప్పు దీర్చువాడు వేఱొకడు. అప్పు దానిపై బడదు గనుక సదుద్దేశమునకు తన్ను తాను దిద్దుకొను నవసరము కలుగదు. బాధ లేనిచోట బుద్ధి రాదు. ఇదియే పాలకుని సదుద్దేశమును, గృహస్థుని సదుద్దేశమును వేఱుచేయునది.

కావున మా సమాధానమిది: సదుద్దేశము ప్రాయశ్చిత్తము గాదు, అది ఋణపత్రము మాత్రమే. ఆ ఋణము దీరుట మరలివచ్చి చూచుటవలననే. పాఠము చెప్పుటయే గాని పరీక్షాపత్రములు దిద్దని యుపాధ్యాయుడు తనకు విద్యార్థులపై ప్రేమ గలదని యెంత చెప్పినను మేము నమ్మము. అతనికి ప్రేమ గలది తన కంఠస్వరముపైననే. అట్లే ఫలము జూడనొల్లని శాసనకర్త ప్రేమించునది పేదలను గాదు, పేదలను ప్రేమించుచున్న తన రూపమును. ఉద్దేశము నిజముగా శుద్ధమైనదేని అది ఫలమును వెదకికొనుచు పోవును, చెడినదని తెలిసినచో సిగ్గుపడక సరిదిద్దుకొనును. ఉద్దేశశుద్ధికి గుర్తు ఆరంభమున చేసిన యుపన్యాసము గాదు, పదియేండ్ల తరువాత చేసిన పరిశీలనము.

ఇది కేవలము కోరిక గాదు. అమెరికావారే దీనికి మార్గములను వెదకిరి. 1968నుండి న్యూజెర్సీలో, పేదలకు నగదు నిచ్చినచో వారు పని మానుదురా యను ప్రశ్నను, కొన్ని కుటుంబములకు ఇచ్చి, కొన్నిటికి ఈయక, పోల్చి శోధించిరి. దేశమంతటికి శాసనము చేయుటకు ముందే చిన్నచోట పరీక్షించు వినయ మది. 1976లో కొలరాడో రాష్ట్రము మొట్టమొదటగా, ప్రభుత్వసంస్థలకు గడువు విధించి, ఆ గడువులోగా తమ యవసరమును నిరూపింపకున్నచో అవి తమంత తామే ముగియునట్లు శాసనము చేసెను. వీనిలో మొదటిది పేదల పక్షమువారు మెచ్చునది, రెండవది సంప్రదాయపక్షమువారు మెచ్చునది. రెండిటియందును గల ధర్మ మొక్కటే. తాము తప్పుచేయగలమని ముందుగా నొప్పుకొని, ఆ తప్పు తెలియుటకు వలసిన యేర్పాటును శాసనమునందే యిముడ్చుట.

సంస్కారప్రియులైన మా చదువరులకు ఈ పరదేశపు వృత్తాంతము లేల యని తోచవచ్చును. సంస్కర్తకు ప్రతిపక్షి చేయు మేలు మిత్రుడు చేయజాలడు. మిత్రుడు మన హృదయమును మెచ్చును. ప్రతిపక్షి మన లెక్కలను దిద్దును. "మీ పథకము ఫలించినదా? ఫలింపనిచో మూల్యమిచ్చిన దెవ్వరు?" అని సంప్రదాయపక్షమువారడుగు ప్రశ్నను శత్రువు బాణమువలె గాక, గురువు ప్రశ్నవలె స్వీకరింపవలెను. వారు ఆ ప్రశ్నను తమకు తాము వేసికొననప్పుడు మనము వారికి వేయవలెను. "చేయకుండుటవలన మూల్యమిచ్చిన దెవ్వరు?" అని గూడ చేర్చి యడుగవలెను. ఈ రెండు ప్రశ్నలును సభలో నిలిచియున్నంతకాలము ఏ పక్షమువారు పాలించినను ప్రజలకు గొంత రక్ష కలదు. ఆ ప్రశ్నలు మూగవోయిన నాడు, ఎంతటి మంచివారు పాలించినను పేదవాని గడపకు రక్ష లేదు.